వచ్చే ఏటి వెచ్చదనం

కరెంటు బిల్లు భయం కొందరిది. గ్యాసు ఆగిపోతుందన్న భయం కొందరిది. ఐరోపా మళ్ళీ కట్టెల పొయ్యి గురించి మాట్లాడుకుంటోంది. డబ్బిస్తే కట్టెలు రేపే ఇంటికొస్తాయి. ఎండిన కట్టెలు కావాలంటే మాత్రం నిరుడే తలుచుకుని ఉండాలి.

ఈస్టర్ సెలవులు. నార్వేలోని గుడ్‌బ్రాండ్స్‌డాల్ లోయ. వాలు మీద మంచు ఇంకా మోకాలి లోతున ఉంది గానీ, ఇంటికి దక్షిణాన ఎండ తగిలే గోడ పక్కన నాలుగడుగుల నేల తేలింది. ఆ నేల మీద ఓ పెద్దాయన కోటు విప్పి కంచెకి తగిలించి నిలబడ్డాడు. ఎదురుగా మొద్దు. పక్కన బర్చ్ చెట్టు దుంగల గుట్ట. ఒక్కో దుంగని మొద్దు మీద నిలబెట్టడం, గొడ్డలి ఎత్తడం, దించడం. పచ్చి కొయ్య ఒక్క దెబ్బకి రెండుగా విచ్చుకుంటుంది. ఆ చప్పుడు లోయ దాటేలోపే అవతలి గట్టు నుంచి ఇంకో గొడ్డలి చప్పుడు వినిపిస్తుంది. ఇంకాస్త కిందికి వెళ్తే ట్రాక్టరుకి తగిలించిన చీల్చే యంత్రం గుర్రుమంటోంది.

చలికాలం వెళ్ళిపోతుంటే ఊరు ఊరంతా కట్టెలు కొడుతోంది!

కొత్తగా చూసేవాళ్ళకి ఇదంతా తలకిందుల వ్యవహారం. చలి పోయాక కట్టెలెందుకు? ఆ పెద్దాయన కొడుతున్నవి ఈ చలికి కాదు, వచ్చే జనవరికి. ఈ చలికి కావలసినవి పోయిన ఏడు ఇదే వారంలో కొట్టి పేర్చాడు. వాటిలో ఆఖరి వరస ఇంకా కొట్టంలో ఉంది. మరీ జాగ్రత్తపరులైతే ఆ పై జనవరికి కూడా ఇప్పుడే సిద్ధం చేస్తారు.

మనకీ ఈ ముందుచూపు తెలియనిది కాదు. గ్యాసు పొయ్యిలు రాకముందు రోహిణి కార్తె ఎండల్లోనే వంటచెరకు కొట్టించి, చావిట్లో ఓ మూలకో అటక మీదికో చేర్చేవాళ్ళు. ఆ పని వాయిదా వేసిన ఇంట్లో శ్రావణమాసమంతా ఊదుగొట్టం, పొగ, కళ్ళ నీళ్ళు. అయితే మనం గెలవాల్సింది మూడు నెలల వాననే, అదీ వంట కోసం. నార్వే లోతట్టు లోయల్లో చలి మైనస్ 20 దాటి దిగుతుంది. అక్కడ పొయ్యి వెలగకపోతే అన్నం ఆలస్యం కావడంతో సరిపోదు.

కరెంటు దేశంలో కట్టెలు

నార్వే కట్టెలు కొట్టుకుని బతికే పేద దేశం కాదు. సముద్రం అడుగున చమురు, గ్యాసు ఉన్నాయి. వాడే కరెంటులో దాదాపు 90 శాతం జలవిద్యుత్తే. ఇళ్ళు వెచ్చబెట్టుకోవడానికి ఎక్కువమంది ఆధారపడేదీ కరెంటు మీదే. దశాబ్దాల పాటు అది చవకగా దొరికింది. బిల్లు చూసి గుండెలు బాదుకునే అలవాటు అక్కడి జనానికి ఉండేది కాదు.

2021లో ఆ ధీమా చెదిరింది. జర్మనీకి, బ్రిటన్‌కి సముద్రగర్భంలో వేసిన కొత్త కేబుళ్ళు ఆ ఏడాదే పనిలోకి వచ్చాయి. అదే కాలంలో ఐరోపా అంతటా గ్యాసు ధర ఎగబాకింది. బయటి ధర కేబుల్ వెంట ఇంట్లోకి వచ్చిందని దక్షిణ నార్వే జనం కోపం. ఆ చలికాలం నుంచి ప్రభుత్వమే బిల్లులో కొంత భరించాల్సి వచ్చింది. తగాదా అక్కడితో ఆగలేదు. 2025 జనవరిలో, ఐరోపా సమాఖ్య ఇంధన నిబంధనలకి ఒప్పుకునేది లేదంటూ సెంటర్ పార్టీ ఏకంగా ప్రభుత్వం నుంచే తప్పుకుంది.

ఈ మధ్యలో 2024లో పౌర రక్షణ విభాగం ఇంటింటికీ ఒక చిన్న పుస్తకం పంపింది. ఆపద వస్తే బయటి సాయం లేకుండా వారం రోజులు ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడేలా చూసుకోమని దాని సారాంశం. నీళ్ళు, తిండి, మందులు, బ్యాటరీ రేడియోతో పాటు కరెంటు లేకపోయినా ఇల్లు వెచ్చగా ఉంచుకునే ఏర్పాటు చూసుకోమంది. అంటే, చాలా ఇళ్ళకి, మూలనున్న ఇనప పొయ్యి, పెరట్లో కట్టెలు. తాతలనాటి వస్తువు అత్యవసర సామగ్రి జాబితాలోకి ఎక్కింది.

జర్మనీ సెప్టెంబరులో మేలుకొంది

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తింది. జర్మనీకి వచ్చే నార్డ్ స్ట్రీమ్ గొట్టంలో గ్యాసు జూన్‌లో తగ్గింది, ఆగస్టు ఆఖరుకి పూర్తిగా ఆగిపోయింది. వచ్చే చలికి ఇల్లు ఎలా వేడెక్కుతుందన్నది వంటింటి నుంచి పార్లమెంటు దాకా ఒకటే చర్చ.

జర్మనీలో ఒక గదిని వెచ్చబెట్టే చిన్న పొయ్యిలు కోటికి పైగానే ఉన్నాయి. చాలావాటిని సరదాకి, పండగ పూట మంట చూసుకోవడానికి పెట్టించుకున్నారు. అవన్నీ ఒక్కసారి నిద్ర లేచాయి. ఆ ఆగస్టులో కట్టెలు, చెక్కపొట్టు గుళికల ధర అంతకుముందు ఆగస్టు కంటే 85.7 శాతం పెరిగిందని జర్మనీ గణాంక శాఖ లెక్క తేల్చింది. అడవి అంచున పేర్చిన దుంగలు రాత్రికి రాత్రి మాయం కావడంతో కొందరు అటవీ యజమానులు దుంగల్లో జీపీఎస్ పరికరాలు దాచిపెట్టారు. హంగరీ అయితే జులైలోనే ఇంధన అత్యవసర స్థితి ప్రకటించి కట్టెల ఎగుమతిని ఆపేసింది.

గిరాకీ చూసి చెట్లు కొట్టారు, యంత్రాలు చీల్చాయి, లారీలు తిరిగాయి. ఇళ్ళ ముందు గుట్టలు పడ్డాయి. అప్పుడు బయటపడింది అసలు ఇబ్బంది. వచ్చినవాటిలో చాలావరకు పచ్చివి. సరైన ఎండుకట్టె దేశంలో ఎంత ఉందో అంతే ఉంది. దాన్ని నిరుడో అంతకుముందో కొట్టి పేర్చిన చేతులే ఆ ఏడాది సరఫరా ఎంతో నిర్ణయించేశాయి. సెప్టెంబరులో ఎంత రేటిచ్చినా ఆ గుట్ట పెరగదు. వేడి గదుల్లో యంత్రాలతో ఆరబెట్టడం ఉంది గానీ, ఆ గదులూ పరిమితమే, వాటికీ ఇంధనం కావాలి. ఇంధనం లేకనేగా ఈ గొడవంతా!

తగువంతా నీళ్ళతో

అప్పుడే కొట్టిన చెట్టుని తూస్తే, జాతిని బట్టి కాస్త అటూఇటూగా, సగం బరువు నీళ్ళే. పచ్చి బర్చ్ ఘనమీటరు దాదాపు 900 కిలోలు తూగుతుంది. వెయ్యి కిలోల పచ్చికట్టెని మంచిగా ఆరనిస్తే 625 కిలోలవుతుంది. పోయిన 375 కిలోలూ నీళ్ళు. పెరట్లో ఊరికే నిలబడి ఉన్నట్టు కనిపించే పేర్పు ఒక్క వేసవిలో ఇన్ని లీటర్లని చప్పుడు లేకుండా గాలికి అప్పగిస్తుంది.

అప్పగించకపోతే ఆ నీళ్ళని పొయ్యిలో మరిగించాలి. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 0.7 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి ఖర్చవుతుంది. బాగా ఎండిన కట్టె కిలోకి సుమారు 4 యూనిట్ల వేడి ఇస్తే, సగం నీళ్ళున్నది 2 యూనిట్లకి కాస్త పైన ఆగిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. కట్టె కాలడమంటే ముందు వేడికి అందులోంచి వాయువులు బయటికి రావాలి, ఆ వాయువులు మండాలి. లోపల నీళ్ళున్నంతసేపూ కట్టె వంద డిగ్రీలు దాటి వేడెక్కదు. మంట చల్లగా ఉంటుంది, వాయువులు కాలకుండానే పొగగొట్టం ఎక్కుతాయి. అక్కడ చల్లబడి తారులా నల్లగా గోడలకి పడతాయి. ఆ నలుపు ఏళ్ళ తరబడి పేరుకుని ఓ రోజు అంటుకుంటే గొట్టమే కొలిమి అవుతుంది. చలిదేశాల్లో ఇళ్ళు కాలిపోయే కారణాల్లో ఇదొకటి. జర్మనీలో పొగగొట్టాలు శుభ్రం చేసే నల్లదుస్తుల మనిషి ఎదురొస్తే శుభమని నమ్మడం ఊరికే రాలేదు.

ఏ కట్టె మంచిది అన్న వాదనకీ సగం జవాబు ఇందులోనే ఉంది. పూర్తిగా ఎండాక తుమ్మైనా మునగైనా, బర్చైనా స్ప్రూసైనా కిలోకి ఇచ్చే వేడి ఇంచుమించు ఒకటే. తేడా అంతా చేవలో, అంటే బరువులో. ఒక గంపెడు తుమ్మ పేళ్ళు గంపెడు మునగ పేళ్ళ కంటే ఎక్కువ తూగుతాయి కాబట్టి ఎక్కువసేపు కాలతాయి. నార్వేలో బర్చ్‌కి ఉన్న గౌరవం ఇదే. గట్టిది, నిప్పురవ్వలు తక్కువ, బెరడు తడిసినా అంటుకుంటుంది. హిమాలయాల్లో దాని చుట్టం బెరడు మీదే మన పూర్వులు గ్రంథాలు రాసుకున్నారు. నార్వేలోనేమో అదే బెరడుని ఇంటి కప్పు మీద పరిచి, పైన మట్టి వేసి గడ్డి పెంచేవారు, చుక్క నీరు దిగకుండా.

---

▌బాక్సు: కట్టె ఎండిందా?

రెండు పేళ్ళు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టండి. ఖంగుమంటే ఎండినట్టు. దబ్బుమంటే ఇంకా నీళ్ళున్నట్టు.

కోసిన చివరల్లో నడిమి నుంచి అంచులకి పగుళ్ళు కనబడితే మంచి గుర్తే గానీ అది ఒక్కటే చాలదు. పైన పగిలి లోపల పచ్చిగా ఉండే కట్టెలు బోలెడు.

బర్చ్ పేడు ఒక చివర సబ్బునీళ్ళు రాసి, రెండో చివర నోరు పెట్టి గట్టిగా ఊదితే, ఎండిన పేడులో బుడగలు వస్తాయి. చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు పైకెక్కిన సన్నని నాళాలు ఖాళీ అయ్యాయన్నమాట.

రెండు ముళ్ళున్న చిన్న తేమమీటరు కొలిచేది ముళ్ళు దిగినంత లోతే. కాబట్టి పేడుని అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా తేలిన ముఖం మీద గుచ్చాలి. 20 శాతం లోపు చూపిస్తే పొయ్యిలో పెట్టొచ్చు.

---

కొట్టడం నుంచి పేర్చడం దాకా

చెట్టు కొట్టడానికి చలికాలమే సరైన అదను. వసంతం వచ్చి వేళ్ళు నీళ్ళు పీల్చడం మొదలుపెట్టకముందే పని కావాలి. మోతకీ అదే అదను. నేల గడ్డకట్టి, పైన మంచు పరుచుకుని ఉంటే బరువైన దుంగలు జారుబండి మీద సులువుగా కదులుతాయి. ఒకప్పుడు గుర్రాలు లాగేవి, ఇప్పుడు ట్రాక్టరో మంచు స్కూటరో. అదే దుంగని మే నెల బురదలో లాగాలంటే నాలుగింతలు చాకిరీ.

ఆ అదను తప్పినవాళ్ళకి నార్వేలో ఇంకో పాత ఉపాయం ఉంది. ఆకులు విచ్చుకున్నాక చెట్టుని పడగొట్టి, కొమ్మలు నరకకుండా అలాగే కొన్ని వారాలు వదిలేస్తారు. నేల కూలిన సంగతి ఆకులకి తెలియదు. మానులోంచి నీళ్ళు లాగుతూనే ఉంటాయి. అవి వాడిపోయేసరికి మానులో తేమ చాలా తగ్గి ఉంటుంది.

తర్వాతి పని పొట్టిగా కోయడం, చీల్చడం. కొయ్యలో నీళ్ళు అడ్డంగా కంటే నిలువుగా, నాళాల వెంట పది పదిహేను రెట్లు వేగంగా కదులుతాయి. అందుకే పొడుగు దుంగ ఏళ్ళు పట్టినా ఆరదు, అడుగు పొడవు పేడు ఒక వేసవికే ఆరిపోతుంది. బర్చ్‌ని చీల్చకుండా వదిలేస్తే మరీ ముప్పు. ఇంటి కప్పుకి నీరు దిగకుండా కాపాడిన ఆ బెరడే లోపలి నీళ్ళని బయటికి పోనివ్వదు. చూడ్డానికి చక్కగా ఉన్న దుంగ లోపల్లోపలే పుచ్చిపోతుంది. చీల్చడానికి మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే మేలు. గడ్డకట్టే చలిలోనైతే దెబ్బ తాకితే చాలు విడిపోతుంది. ఎండాక చీలుద్దామనుకుంటే కొయ్యకి మొండితనం వచ్చేస్తుంది.

ఇక పేర్చడం. నియమాలు నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు: నేలకి తగలకుండా కింద రెండు వాసాలు, గోడకి ఆనకుండా వెనక జానెడు సందు, పైన కప్పు, పక్కలకి ఏమీ వద్దు. ఈ చివరిదే జనానికి మింగుడుపడదు. కష్టపడి పేర్చిన కట్టెలు వానకి తడుస్తాయని చుట్టూ టార్పాలిన్ బిగించేస్తారు. కట్టెల్లోంచి వచ్చిన ఆవిరి లోపలే చుట్టుకుని, తిరిగి కట్టెల మీదే చెమట పడుతుంది. నెల తిరిగేసరికి బూజు. నిజానికి పైపైన తడిసిన ఎండుకట్టె రెండు ఎండలకి ఆరిపోతుంది. గాలి అందని కట్టెని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. ఎండ కంటే గాలి ముఖ్యమని అనుభవజ్ఞులంతా చెప్పే మాట ఇందుకే. వానలకి పేరుపడ్డ బెర్గెన్‌లో, ఏడాదికి 2 వేల మిల్లీమీటర్లు దాటి కురిసే చోట కూడా, పక్కలు తెరిచిన కొట్టాల్లో కట్టెలు ఆరుతూనే ఉన్నాయి.

పేర్పుల్లోనూ రకాలున్నాయి. రెండు చెట్ల మధ్య గోడలా పేర్చేవాళ్ళు కొందరు. జర్మనీ, ఆస్ట్రియా పల్లెల్లో గుండ్రంగా, మన గడ్డివాములా పేరుస్తారు: చుట్టూ వరసలు, నడుమ గుల్లగా పోసిన పేళ్ళు, పైన బెరడు పైకి ఉండేలా పెంకుల్లా సర్దిన కప్పు. ఎండేకొద్దీ అది లోపలికి కుంగుతుంది. ఎంత కుంగిందో చూసి ఎండిందో లేదో చెప్పేవాళ్ళున్నారు.

బెరడు పైకా, కిందికా?

నార్వే జనం ఈ వ్యవహారాన్ని ఎంత మనసుకి పట్టించుకుంటారో 2013 ఫిబ్రవరి 15 రాత్రి ప్రపంచానికి తెలిసింది. ఆ శుక్రవారం అక్కడి ప్రభుత్వ టీవీ ఎన్నార్కే 12 గంటల కార్యక్రమం ప్రసారం చేసింది. మొదటి 4 గంటలూ కట్టెలు కొట్టడం, చీల్చడం, పేర్చడం మీద కబుర్లు. మిగతా 8 గంటలూ ఒక పొయ్యిలో మంట. అంతే. అప్పుడప్పుడు ఒక చెయ్యి వచ్చి ఇంకో పేడు వేసి వెళ్తుంది. 50 లక్షల జనాభా ఉన్న దేశంలో దాదాపు 10 లక్షల మంది ఏదో ఒక సమయంలో ఆ కార్యక్రమం చూశారు.

టీవీకి ఫిర్యాదులూ వచ్చాయి. కట్టెల్ని బెరడు పైకి ఉండేలా పేర్చారు, అది తప్పని సగం మంది. బెరడు కిందికి పెట్టారు, అది తప్పని మిగతా సగం. పైకి పెడితే వాన జారిపోతుందని ఒక వర్గం, కిందికి పెడితే తడి త్వరగా ఎగిరిపోతుందని ఇంకో వర్గం. ఈ పంచాయతీ ఇప్పటికీ తెగలేదు. కొట్టంలో కప్పు కింద పేర్చేవాళ్ళకి ఏదైనా ఒకటే అని నాకనిపిస్తుంది గానీ ఆ మాట అక్కడ అంటే రెండు వర్గాలూ కలిసి కొడతాయేమో!

ఆ కార్యక్రమానికి మూలం ఒక పుస్తకం. లార్స్ మిట్టింగ్ అనే రచయిత 2011లో ‘హెల్ వేద్’ పేరుతో కట్టెల గురించి రాశాడు. గొడ్డళ్ళు, రంపాలు, పేర్పులు, పొయ్యిలు, ఇవే విషయాలు. నవలలు రాసుకునే మనిషి కట్టెల మీద పుస్తకమేమిటని అనుకున్నవాళ్ళే నోరెళ్ళబెట్టేలా అమ్ముడుపోయింది. ఇంగ్లిష్ అనువాదానికి 2016లో బ్రిటన్‌లో ఆ ఏటి ఉత్తమ కథనేతర పుస్తకంగా బహుమతి కూడా వచ్చింది. దాని పుట్టుక వెనక పక్కింటి పెద్దాయన ఉన్నాడు. ఉద్యోగ విరమణ చేసి, ఊపిరితిత్తుల జబ్బుతో చలికాలమంతా ఇల్లు కదలని మనిషి. వసంతంలో ఆయన ఇంటి ముందు ఒక ట్రాక్టరు దుంగలు దింపి వెళ్ళింది. ఆయన మెల్లగా బయటికొచ్చి, ఆగి ఆగి, రోజుకి కొంచెం చొప్పున వాటిని చీల్చి పేర్చడం మొదలుపెట్టాడు. రోజులు గడిచేకొద్దీ ఆ మనిషిలో వచ్చిన హుషారు మిట్టింగ్‌ని కదిలించింది. ఇక్కడ విశేషం ఆ వ్యాయామం కాదనుకుంటాను. జబ్బుమనిషి వచ్చే చలికాలానికి కట్టెలు పేరుస్తున్నాడంటే, వచ్చే చలికాలం తనదేనన్న లెక్కతోనే కదా.

---

▌బాక్సు: తూకమా, కొలతా?

మన అడితిలో కట్టెలు తూకానికి అమ్ముతారు. కాబట్టి తడి కట్టె అమ్మేవాడికి లాభం. కొనేవాడు నీళ్ళకి డబ్బిస్తాడు. ఐరోపా, అమెరికాల్లో ఎక్కువగా అమ్మేది కొలతకి, అంటే ఎంత చోటు ఆక్రమిస్తే అంత. అక్కడ అమ్మేవాడి చేతివాటం గాలి అమ్మడంలో ఉంటుంది.

ఒక ఘనమీటరు నిండు కొయ్యని చీల్చి ఒద్దికగా పేరిస్తే దాదాపు 1.4 ఘనమీటర్ల చోటు పడుతుంది. అవే పేళ్ళని లారీలో గుమ్మరిస్తే 2 ఘనమీటర్ల పైమాటే. ‘ఘనమీటరు ఇంత’ అని రేటు చెబితే నిండుదా, పేర్చిందా, పోసిందా అని అడగని కొత్తవాడి పని అంతే.

అమెరికాలో కొలత పేరు ‘కార్డ్’. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, మొత్తం 128 ఘనపు అడుగులు. నార్వేలో ఇప్పుడు 40, 60 లీటర్ల వల సంచుల్లోనూ, క్రేనుతో దింపే వెయ్యి లీటర్ల పెద్ద సంచుల్లోనూ అమ్ముతున్నారు.

---

పొగ కూడా లెక్కలోకి వచ్చింది

కట్టెల పొయ్యి మీద ఇంత ముచ్చట చెప్పాక, వీధిలోని మిగతావాళ్ళ సంగతీ చెప్పాలి. చలి రాత్రి గాలి కదలకుండా నిలిచిపోతే, ఊళ్ళోని పొయ్యిల పొగ ఇళ్ళ కప్పుల ఎత్తులోనే తచ్చాడుతుంది. అందులోని సన్నని నుసి నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లాడి తల్లికి పక్కింటి పొయ్యి కమ్మదనం కనిపించదు.

అందుకే చట్టాలు వచ్చాయి. ఇంగ్లండులో 2021 మే నుంచి 2 ఘనమీటర్ల లోపు అమ్మే కట్టెల్లో తేమ 20 శాతానికి మించకూడదు. పెట్రోలు బంకుల్లో వలసంచుల్లో దొరికే పచ్చికట్టెల కాలం దాంతో ముగిసింది. నార్వే 1998 నుంచి కొత్త పొయ్యిలు వదిలే నుసికి హద్దు పెట్టింది. జర్మనీలో నిబంధనలకి లొంగని పాత పొయ్యిల గడువు దశలవారీగా సాగి 2024 డిసెంబరు 31తో చివరి దశ పూర్తయింది. ఆ తేదీ దాటాక వడపోత పరికరమైనా పెట్టించుకోవాలి, పొయ్యినైనా ఆర్పేయాలి.

చట్టాల పక్కన ఒక చిన్న చిట్కా కూడా ప్రచారంలో ఉంది. నిప్పు కింద పెట్టి పైన కట్టెలు వేయడం మనందరి అలవాటు. నార్వే అగ్నిమాపక సిబ్బంది తలకిందులుగా చేయమంటారు. అడుగున లావు పేళ్ళు, వాటి మీద సన్నవి, అన్నిటికంటే పైన చితుకులు, అక్కడ అగ్గిపుల్ల. మంట పైనుంచి కిందికి దిగుతుంది. కింది కట్టెల్లోంచి వచ్చే పొగ పైనున్న మంటలోంచే దాటిపోవాలి కాబట్టి చాలావరకు అక్కడే కాలిపోతుంది. దీనికీ షరతు ఒకటే, కట్టె ఎండి ఉండాలి.

---

▌బాక్సు: మన హిమాలయాల్లో

కశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి 40 రోజులు ‘చిల్లై కలాన్’, చలి పెత్తనం చేసే కాలం. గదిలో రేకుల ‘బుఖారీ’, దుస్తుల కింద బొగ్గు నిప్పుల ‘కాంగ్డీ’.

చెట్టే అరుదైన లడఖ్‌లో ఇంటి కప్పు అంచుల చుట్టూ పుల్లలు, కొమ్మలు పేర్చి ఉంచుతారు. పొడిగాలి వాటిని ఇట్టే ఆరబెడుతుంది.

హిమాచల్‌లోని లాహౌల్ లోయకి 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరుచుకునేదాకా, రోహ్‌తాంగ్ కనుమ మంచుతో మూసుకుపోతే నెలల తరబడి దారి ఉండేది కాదు. ఏది తెచ్చుకోవాలన్నా, కట్టెలతో సహా, ఆలోపే తెచ్చుకోవాలి.

---

కట్టెతో పాటు వెళ్ళే అతిథి

కట్టెల్ని దగ్గర్లో కొని దగ్గర్లో కాల్చమన్నది ఒకప్పుడు ఖర్చుకి సంబంధించిన సలహా. ఇప్పుడు అమెరికాలో అది అడవుల బతుకుకి సంబంధించిన మాట అయింది.

2002లో మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ దగ్గర యాష్ చెట్లు ఎందుకో చచ్చిపోతున్నాయని చూస్తే, బెరడు కింద ఒక పురుగు దొరికింది. సెంటీమీటరు పొడవు, నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. ఈశాన్య ఆసియా దాని పుట్టిల్లు. సరుకుల చెక్కపెట్టెల్లో దాగి ఓడెక్కి వచ్చిందని అంచనా. పెద్ద పురుగు చేసేది కాస్త ఆకు కొరకడమే. దాని పిల్లలు మాత్రం బెరడు కింద మెలికలు మెలికలుగా సొరంగాలు తవ్వి, చెట్టుకి తిండీ నీళ్ళూ అందే దారులు తెంచేస్తాయి. చెట్టు నాలుగైదేళ్ళలో మోడవుతుంది. అలా పోయిన చెట్లు కోట్లలో ఉన్నాయి. బేస్‌బాల్ బ్యాట్లకి తరతరాలుగా పేరున్నది యాష్ కొయ్యే. ఇప్పుడు పెద్ద ఆటగాళ్ళ చేతుల్లో ఎక్కువగా మేపుల్ బ్యాట్లు కనిపిస్తున్నాయి. కారణాల్లో ఈ పురుగూ ఒకటి.

ఆ పురుగు తనంతట తాను ఎగిరితే ఏడాదికి కొన్ని కిలోమీటర్లు. మరి రాష్ట్రాలు ఎలా దాటింది? కారు డిక్కీలో. పెరట్లో చచ్చిన యాష్ చెట్టుని కొట్టించి, ఆ పేళ్ళని క్యాంపింగుకి పట్టుకెళ్ళిన మంచి మనుషులే దానికి డ్రైవర్లయ్యారు. పేడు బయటికి ఎండినట్టే ఉంటుంది. బెరడు కింద పురుగు పిల్ల హాయిగా పడుకుని ఉంటుంది. వేసవి రాగానే, ఒక పక్క చదునుగా ఒక పక్క గుండ్రంగా ఉండే 3 మిల్లీమీటర్ల కంత చేసుకుని కొత్త అడవిలోకి ఎగిరిపోతుంది. నీళ్ళు పోయేంతగా ఆరితే పురుగులూ పోతాయనుకోవడం పొరపాటు. ఆరుబయట ఆరిన కట్టెలోనూ అవి బతికి బయటపడగలవు.

న్యూయార్క్ రాష్ట్రం 50 మైళ్ళ గీత గీసింది. వేడిచేయని కట్టెల్ని పుట్టిన చోటు నుంచి అంతకు మించి కదిలించకూడదు. దూరం పోవాలంటే పేడు నడిబొడ్డు దాకా 71 డిగ్రీల వేడి తగిలేలా 75 నిమిషాలు ఉంచి, సంచి మీద ఆ ముద్ర వేయాలి. ‘కట్టెల్ని కదిలించొద్దు’ అన్న పేరుతోనే నడుస్తున్న ప్రచారం ఇంకా కచ్చితంగా ఉంటుంది: 10 మైళ్ళ లోపైతే మంచిది, 50 మైళ్ళంటే మరీ దూరం. కేంద్ర ప్రభుత్వమైతే 2021 జనవరిలో ఈ పురుగు మీద ఉన్న దేశవ్యాప్త కట్టడిని ఎత్తేసింది. పురుగు మీద దయ కలిగి కాదు. కట్టడి గీతల్ని అది ఎప్పుడో దాటేసింది, ఆ డబ్బుని దాన్ని తినే కందిరీగల్ని పెంచడానికి పెడదామని. రాష్ట్రాలు, పార్కులు పెట్టుకున్న నియమాలు మాత్రం చాలాచోట్ల అలాగే ఉన్నాయి. ఎందుకంటే బెరడు కింద ప్రయాణించే పురుగు ఇదొక్కటే కాదు. 1996లో బ్రూక్లిన్‌లో, 2008లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో బయటపడ్డ ఇంకో ఆసియా పురుగుకి మేపుల్ చెట్లంటే ఇష్టం.

డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో, వాటికి పనిచేసే సాఫ్ట్‌వేర్ సంస్థల్లో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వేసవి వారాంతాల్లో నాలుగు కుటుంబాలు కలిసి సరస్సు ఒడ్డున డేరాలు వేసుకోవడం, మంట చుట్టూ కూర్చుని మొక్కజొన్న కండెలు కాల్చుకోవడం అక్కడ మామూలే. ఇంట్లో గ్యారేజీ నిండా కట్టెలుండగా పార్కు గేటు దగ్గర డాలర్లు పోసి నాలుగు పేళ్ళ సంచి కొనడమంటే మన ప్రాణానికి ఎలాగో ఉంటుంది. అయినా కొనమనే ‘కట్టెల్ని కదిలించొద్దు’ ప్రచారం చెబుతుంది. కాల్చగా మిగిలినవాటిని ఇంటికి తెచ్చుకోవద్దని కూడా చెబుతుంది. ఆ రాత్రే కాల్చేయాలి, లేదంటే పక్క డేరా వాళ్ళకి ఇచ్చేసి రావాలి.